పలికే రొట్టెల సంచి

నల్లరేగడి చేలు అయిపోయి రాళ్లు మొదలయ్యే చోట ఒక గుట్ట ఉంది. దాని నిండా పెద్ద పెద్ద రాతిగుండ్లు, గుండ్ల సందుల్లో సీతాఫలం పొదలు, చుట్టూ ఒక వంక. ఎండాకాలంలో ఆ వంకలో ఇసుక తప్ప ఏమీ ఉండదు. ముసురు పట్టిందంటే మాత్రం నీళ్లు గుట్టను నాలుగు వైపులా చుట్టేసి, పైనున్నవాళ్లను పైనే కట్టిపడేస్తాయి. వేటకూ, మేతకూ కిందికి దిగే దారి ఉండదు. పైగా గుట్ట మీద ఒకరినొకరు తినకూడదని పాతకాలం నుంచీ కట్టుబాటు. ముసురు ఎన్నాళ్లుంటే అన్నాళ్లూ అందరూ కడుపు మాడ్చుకుని ఆకాశం వైపు చూస్తూ కూర్చోవాల్సిందే.

ఆ గుట్ట మీద గుంటయ్య అనే నక్క ఉండేవాడు. ఏది దొరికినా గుంట తవ్వి పూడ్చిపెట్టడం వాడికి పుట్టుకతో వచ్చిన అలవాటు, అందుకే ఆ పేరు. తెలివిలో తనకు సాటి లేరని వాడి నమ్మకం. ఎదుటివాళ్లు ఒక మాట అంటే, దాని వెనక ఇంకేం దాచారా అని వెతుక్కుంటూ పోవడం వాడి పని. కానీ పోయినేటి ముసురులో ఆ తెలివి అక్కరకు రాలేదు. పూడ్చిన మాంసంలోకి నీళ్లు దిగి పురుగు పట్టింది. నలుగురు పిల్లల్లో ఒకడు ఆకలికి తాళలేక తల్లి పక్కలోనే కన్నుమూశాడు. అప్పటి నుంచీ మబ్బు కనిపిస్తే చాలు గుంటయ్యకు గుండె జారిపోయేది. ఈ ఏడు మిగిలిన ముగ్గురినీ ఎలాగైనా దక్కించుకోవాలి. వాడికి వేరే ధ్యాస లేదు.

ఆ ఎండాకాలంలో గుట్ట మీదికి ఒక ముసలి గాడిద వచ్చింది. పేరు మూటలమ్మ. వయసంతా ఊరి రేవులో బట్టల మూటలు మోసి, ఇక మోయలేనని తెలిశాక తన దారి తాను చూసుకుంది. వీపు మీద పాత గుడ్డల మూట, మెడలో ఒక గుడ్డసంచి. పళ్లు చాలావరకు ఊడిపోయాయి గానీ నోరు మాత్రం తగ్గలేదు. వచ్చిన పూటే గుట్టంతా వినిపించేటట్టు చెప్పింది.

"నేను మోసినన్ని బట్టలు మీలో ఎవురూ కంటితో కూడా చూసుండరు. ఏ గుడ్డకు గాలాడతాదో, ఏ గుడ్డ ఉడకపెడతాదో నా వీపునడగండి, చెప్తాది!"

అందరూ ఆ గొప్పలు వింటున్నారు. గుంటయ్య ముక్కు మాత్రం సంచి వైపే ఉంది.

"అత్తా, ఎండన పడి వచ్చినావు. ఆ సంచి ఇట్లియ్యి, కాసేపు నేను మోస్తా."

"మోస్తావురా అల్లుడూ, నేరుగా నీ బొరియ దాకా మోస్తావు! ఆకలైతాందని అడిగితే నేను పెట్టనా? ఇంద, తిను."

సంచి తాడు విప్పి ఒక జొన్నరొట్టె తీసి ఇచ్చింది. పలచగా, అక్కడక్కడా మాడిన మచ్చలతో, పట్టుకుంటే విరిగేలా ఉంది. గుంటయ్య కొరికాడు. కరకరమంది. నమిలేకొద్దీ జొన్నల తీపి నాలుకంతా పరుచుకుంది.

"బాగుంది అత్తా. పొద్దున్నే కాల్చినావా?"

"పొద్దునా? ఉగాది పండగకు ముందు కాల్చింది రా ఇది."

గుంటయ్య నమలడం ఆపేశాడు. ఉగాది ఎప్పుడో పోయింది. చింతచెట్లకు కొత్త చిగురు వచ్చి ముదిరింది, మామిడికాయలు కాసి రాలిపోయాయి. తను దాచుకున్న ఏ తిండీ రెండో రోజుకు వాసన రాకుండా ఉన్నది లేదు. అలాంటిది, ఒక పూట మంట మీద కాలిన పిండిముద్ద ఇన్నాళ్లు ఎండలో, దారిలో, ఒక ముసలిదాని మెడలో వేలాడి కూడా ఇంత కమ్మగా ఉందా? వాడు రొట్టెముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు, వెలుతురుకు ఎత్తి చూశాడు, చెవి దగ్గర పెట్టుకుని మరీ విరిచాడు. పుట్టి బుద్ధెరిగాక గుంటయ్య ఒక వస్తువును చూసి, దీన్ని ఎలా కాజేయాలి అని ఆలోచించకుండా ఆశ్చర్యపోవడం అదే మొదటిసారి. అయితే ఆ ఆశ్చర్యం ఎంతోసేపు నిలవలేదు. మిగిలిన ముక్కను అలవాటుగా పూడ్చిపెట్టడానికి గుంట తవ్వడం మొదలుపెట్టాడు.

మూటలమ్మ పకపకా నవ్వింది. "దాన్ని గూడా సమాధి చేస్తావురా?"

ఆ తర్వాత గుట్ట మీద పని మొదలైంది. మూటలమ్మ చెప్పడం, మిగతావాళ్లు చేయడం. కోసిన చేలల్లో రాలిన జొన్నకంకులు ఉడతలూ పిట్టలూ ఏరుకొచ్చాయి. అడవిపందులు వాటిని రాళ్ల మధ్య పిండి విసిరాయి. రొట్టెలు తట్టేది ఎలుగుబంటి భల్లయ్య. అప్పటిదాకా తేనెపట్టులు పీకడానికే పనికొచ్చిన ఆ అరచేతుల కింద, వేన్నీళ్లతో పిసికిన పిండి తపతపమంటూ గుండ్రంగా పరుచుకుంటుంటే గుంటయ్య కన్నార్పకుండా చూసేవాడు. పెనం మీద కాలాక రొట్టెను నిప్పుల పక్కన నిలబెట్టేవారు. అక్కడి నుంచి ఎండలో కాగుతున్న బండ మీదికి చేర్చి, తిప్పి తిప్పి ఆరబెట్టేవారు.

సంచుల పని ఒక్క మూటలమ్మదే. పాత పంచెలు, చీర చెంగులు, చిరిగిన దుప్పట్లు బూడిదనీళ్లలో ఉడికించి, ఉతికి, ఎండలో ఆరేసి, ఏదుపంది ముల్లుకు కిత్తనార దారం ఎక్కించి కుట్టేది. ఒక్కో సంచిని పైకెత్తి సూర్యుడి కేసి పట్టుకుని చూసేది. వెలుతురు సన్నగా కనిపిస్తేనే సంచి, లేకపోతే కాళ్ల కింద పట్టా.

రొట్టెలు సంచిలో వేశాక మూతి కట్టి, అందరి ముందూ ఒకసారి ఊపేది. లోపల ఎండిన రొట్టెలు ఒకదానికొకటి తగిలి గలగలమనేవి.

"పలికింది! కట్టండి తాడుకు," అనేది.

పెద్ద గుండు కింద చూరులాంటి చోటు ఉంది. అక్కడ పొయ్యికి పైన, ఎత్తుగా ఒక తాడు కట్టారు. పలికిన సంచులన్నీ ఆ తాడుకే వేలాడేవి. ఊపితే పలకని సంచి ఏదైనా ఉంటే, దానిలోని రొట్టెలు మళ్లీ బండ మీదికి వెళ్లాల్సిందే. ఎవరి సంచి వాళ్లదంటూ లేదు. ముసురు పట్టాక ఒక సంచి విప్పడం, అందరూ తినడం, అది అయిపోయాక ఇంకోటి. అలా ఒప్పందం.

గుంటయ్యకు నిద్ర పట్టకుండా చేసింది సరిగ్గా అదే. తిండి అందరి కళ్ల ముందూ వేలాడటమేమిటి? వచ్చేపోయేవాళ్లంతా చూడటమేమిటి?

"ఏమయ్యా, ఎందుకట్లా పొర్లుతాండావు?" అని అడిగింది పెళ్లాం పొదలమ్మ.

"తడిగాలి కొట్టినాక ఆ సంచులు ఏమైతాయో ఆలోచించినావా? గుడ్డకు అన్నీ చిల్లులే. నాలుగు రోజుల్లో అంతా బూజు. అప్పుడు మన పిల్లలకు ఎవురు పెడతారు?"

"అత్త తెలవకుండా చేస్తాదా?"

"ఆమెకేం, ఒంటికట్టె. మనకు ముగ్గురుండారు." అక్కడితో ఆపేశాడు. నాలుగోవాడి మాట ఇద్దరి నోటి దాకా వచ్చింది, ఇద్దరూ మింగేశారు.

పడమట మబ్బు లేచిన రోజున గుంటయ్య పన్నాగం పన్నాడు. మూటలమ్మ నీళ్లకు దిగినప్పుడు చూసి భల్లయ్య దగ్గరికి పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"భల్లయ్య బావా, అత్త చెప్పి పంపించింది. చిన్నపిల్లలున్న ఇల్లు కదా, మాకు మూడు సంచులు ముందే ఇచ్చేయమంది."

భల్లయ్య తేనె తప్ప ఇంకేదీ పట్టని, ఎవరినీ అనుమానించని అమాయకుడు. తల గోక్కున్నాడు. "ఇయ్యడానికేముంది బావా. కానీ ఈ మూడూ నిన్న కాల్చినవి. ఇంగా మెత్తగానే ఉండాయి. పలకలేదు."

"పలక్కపోతే మరీ మంచిది. నోరు మూసుకుని ఉండేదే నాకు కావాల!"

మూడు సంచులూ నోట కరుచుకుని బొరియకు ఈడ్చుకుపోయాడు. మెత్తగా, తాజాగా, కొత్త జొన్నల వాసనతో ఉన్నాయి. ఆ ఎండిపోయిన అప్పడాల కంటే ఇవే మేలనుకున్నాడు. బొరియలో అన్నిటికన్నా లోపలి మూలన లోతుగా గుంట తవ్వి, సంచుల మూతులు ఇంకా బిగించి, పైన మన్ను కప్పి, ముందుకాళ్లతో గట్టిగా తొక్కాడు. పోయినేడు పూడ్చిన గుంట లోతు చాలలేదని, అందుకే నీళ్లు దిగాయని వాడి లెక్క.

మర్నాడు మూటలమ్మ సంచులు ఈడ్చిన జాడ పట్టుకుని బొరియ ముందుకొచ్చి నిలబడింది. గుంటయ్య లోపలి నుంచి ముక్కు మాత్రం బయటపెట్టాడు.

"ఒరే గుంటయ్యా, తెచ్చుకున్నావు, సరే. నీ పిల్లలు తింటే నా పిల్లలు తిన్నట్టే. ఒక్క మాట చెప్పిపోదామని వచ్చినా. వాటిని బయటికి తీసి ఎండ చూపించు. గాలికి వేలాడదియ్యి. మన్నులో మాత్రం పెట్టొద్దు నాయనా."

గుంటయ్య చెవులు నిక్కబొడుచుకున్నాయి. బయటికి తీయాలా? ఎండ చూపించాలా? అందరికీ కనిపించేటట్టు వేలాడదీయాలా? ముసలిది ఎంత తెలివిగా మాట్లాడుతోంది! ఎక్కడ దాచానో తెలుసుకుని మళ్లీ తీసుకుపోవడానికి కాకపోతే ఇంత ప్రేమ ఎందుకు?

"అట్లనే అత్తా, నువ్వు చెప్పినట్టే చేస్తా," అని ఎంతో వినయంగా చెప్పాడు. ఆమె అలా వెళ్లగానే ఆ గుంట మీద ఇంకో పొర మన్ను ఎక్కించాడు.

అదే రోజు పొద్దుగూకే ముందు ముసురు పట్టింది. వంక నిండింది, గుట్ట ఒంటరిదైపోయింది. గుంటయ్య మొదట్లో ఇంట్లో ఉన్న ఎండు తోలుముక్కలూ ఎముకలూ పెట్టి నెట్టుకొచ్చాడు. పెద్ద గుండు దగ్గరికి పిల్లల్ని పోనివ్వలేదు. వాడి లెక్క వాడికుంది. పైన వేలాడేవన్నీ బూజు పట్టిపోయాక, గుట్టంతా తన బొరియ ముందుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడాలి. అప్పుడు ఒక్కో రొట్టె ముక్కకూ ఒక్కొక్కరి చేత దండాలు పెట్టించుకోవాలి. ఆ ముచ్చట తలుచుకుంటే ఆకలి కూడా తెలిసేది కాదు వాడికి.

పిల్లలకు మాత్రం తెలిసింది. అందరికన్నా చిన్నది తుర్రి. అది ఏడవడం కూడా మానేసి తల్లి పొట్టకు ఆనుకుని పడుకుంది. పోయినేడు నాలుగోవాడు సరిగ్గా ఇలాగే పడుకున్నాడు.

"ఇంగా ఎప్పుడయ్యా?" పొదలమ్మ పిల్లను ముక్కుతో కదిపి చూసింది. "తవ్వు!"

గుంటయ్య తవ్వాడు. మన్ను తడిగా, బరువుగా వచ్చింది. మొదటి సంచి మూతి విప్పగానే గుప్పుమని పుల్లటి వాసన కొట్టింది. లోపల రొట్టెలు ఒకదానికొకటి అంటుకుపోయి, పైన ఆకుపచ్చగా, నల్లగా నూగు మొలిచి ఉన్నాయి. రెండోదీ అంతే. మూడోదాని మూతి కొద్దిగా తెరిచి, వాసన తగలగానే మళ్లీ బిగించేశాడు.

పొదలమ్మ తుర్రిని ఇంకా దగ్గరికి లాక్కుని మొహం తిప్పుకుంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేదనిపించింది వాడికి.

అప్పుడు కూడా గుంటయ్య బుర్ర ఊరుకోలేదు. పైనవాళ్ల రొట్టెలూ ఇలాగే అయ్యుంటాయిలే అని ఒక పక్క అనుకుంటూనే, కాకపోతే ఎలా అని ఇంకో పక్క ఒక ఎత్తు వేశాడు. మూడో సంచిని తోకతో పైపైన శుభ్రంగా తుడిచి, నోట కరుచుకుని వానలోకి నడిచాడు. వద్దన్నా వినకుండా పిల్లలు ముగ్గురూ తూలుకుంటూ వెంటపడ్డారు, వాళ్ల వెనక పొదలమ్మ.

పెద్ద గుండు దగ్గరికి వచ్చేసరికి వాడి కాళ్లు వాటంతట అవే ఆగిపోయాయి.

మొదట వినిపించింది చప్పుడు. వానహోరుకు పైన, గాలి వీచినప్పుడల్లా, గలగలా గలగలా. చూరు కింద పొయ్యి సన్నగా మండుతోంది. ఆ వెచ్చటి సెగకు పైన సంచులు వరసగా ఊగుతున్నాయి. పంచె సంచి, ఎర్రంచు చీర సంచి, అతుకుల దుప్పటి సంచి. రోజూ వానలో తడిసి వచ్చే గాలి వాటి గుండా అటు నుంచి ఇటు పోతోంది, లోపలి రొట్టెలు మాత్రం బండ మీద ఆరిన రోజున ఎలా పలికాయో అలాగే పలుకుతున్నాయి. గుట్టంతా తడిసి ముద్దయింది, వాడి వెంట్రుకలు తడిశాయి, వాడి బొరియ తడిసింది, వాడు అంత లోతున, అంత భద్రంగా పెట్టిన తిండి బూజు పట్టిపోయింది. ఎవరూ దాచనిది, అందరి కళ్ల ముందూ ఉన్నది, ఒక పలచటి గుడ్డ తప్ప ఏ అడ్డూ లేనిది, అది మాత్రం చెక్కుచెదరలేదు. గుంటయ్య నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు. నోట్లోని సంచి జారి బురదలో పడింది కూడా తెలియలేదు. ఇది ఎలా సాధ్యమో వాడికి అర్థం కాలేదు, కానీ ఇంత గొప్ప సంగతిని తన జన్మలో చూడలేదని మాత్రం అర్థమైంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏం రా అల్లుడూ, వానలో స్నానమా?" పొయ్యి పక్క నుంచి మూటలమ్మ గొంతు.

ఆ మాటతో వాడికి తెలివొచ్చింది. తెలివితో పాటు వేసిన ఎత్తూ గుర్తొచ్చింది. సంచి ఎత్తుకుని లోపలికి వచ్చాడు.

"నీ గురించే వచ్చినానత్తా. పళ్లు లేనిదానివి, ఈ గట్టి రొట్టెలు ఎట్లా నములుతాండావో అని మా పొదలమ్మ ఒకటే బాధ. మా దగ్గర మెత్తటివి ఉండాయి. ఇది నువ్వు తీసుకో, దీనికి బదులు గట్టిది ఏదో ఒకటి మాకియ్యి. మా పళ్లు బాగానే ఉండాయిలే."

పొదలమ్మ తల దించుకుంది. భల్లయ్యకు మాత్రం గుండె కరిగిపోయింది. "ఎంత మంచి మనసు బావా నీది!"

"మంచిదే," అంది మూటలమ్మ. ఆమె ముక్కుపుటాలు ఒకసారి కదిలాయి. "మెత్తటిదంటే నాకూ ఇష్టమే. సంచి తాడుకు కట్టుకుందాం. కట్టే ముందు పలికించాల కదా మరి. ఏమంటావు భల్లయ్యా?"

"అది కట్టుబాటు," అన్నాడు భల్లయ్య.

"వానలో ఎందుకులే అత్తా పలికించడం," అన్నాడు గుంటయ్య తొందరగా. "మనలో మనకు అంత పట్టింపా?"

"నేను ఊపనులే. నా చేతుల్లో మోసముందని నీకు అనుమానం రావచ్చు. నీ పిల్లే ఊపుతాది. రా తల్లీ, ఇట్లా రా."

తుర్రి వణుకుతూ ముందుకొచ్చింది. తండ్రి కాళ్ల దగ్గర ఉన్న సంచిని రెండు ముందుకాళ్లతో పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి ఊపింది. సంచి మెత్తగా అటు ఇటు కదిలింది. ఏ చప్పుడూ లేదు. చెవి ఆనించి మళ్లీ ఊపింది. పైన తాడు మీద సంచులన్నీ గాలికి గలగలమన్నాయి. ఇది మాత్రం మూగగా ఉండిపోయింది.

పిల్ల తలెత్తి తండ్రి ముఖంలోకి చూసింది.

"నాయనా, అందరి సంచులూ మాట్లాడతాండాయి. మనది ఎందుకు మాట్లాడదు?"

గుంటయ్య తల తిప్పి చూశాడు. గుట్టంతా తనను చూస్తోంది. వాళ్లందరికన్నా ఆ పిల్ల చూపే ఎక్కువ బరువుగా ఉంది.

"అది... పూడ్చిపెట్టినానమ్మా," అన్నాడు చివరికి. "వద్దని అవ్వ చెప్పింది. మోసం చేస్తాందనుకున్నా."

భల్లయ్య నోరు తెరిచాడు. "అయితే నన్ను అడిగిన రోజు కూడా..."

"అబద్ధమే బావా."

మూటలమ్మ లేచింది. ఎర్రంచు సంచి దించి, విప్పి, మొదటి రొట్టె తుర్రి చేతిలో పెట్టింది. అది పటుక్కున విరిగింది. ఆ చప్పుడుకు పిల్ల కళ్లు మెరిశాయి. మిగతా ఇద్దరికీ, పొదలమ్మకూ ఇచ్చాక, ఐదోది గుంటయ్య ముందు పెట్టింది.

"నాకు వద్దత్తా," అన్నాడు వాడు తల దించుకుని.

"తిను. తిన్నాక పనుంది. నువ్వు బూజు పట్టించిన సంచులు మూడూ బూడిదనీళ్లలో ఉడికించి, ఉతికి, ఈ పొయ్యి పైన ఆరేయాల. గుడ్డకు నీ మీద కోపం లేదు, ఉతికితే మళ్లీ పనికొస్తాది. ఉతకడం నేను నేర్పిస్తా, నన్ను మించినవాళ్లు ఈ జిల్లాలో లేరు." అంత జరిగినా ఆమె గొప్పలు ఎక్కడికీ పోలేదు.

ముసురు వెలిసిన రోజున గుంటయ్య ఉతికిన మూడు సంచులూ తాడు మీద ఖాళీగా ఊగాయి. వాడు ఒక్కోదాన్ని పైకెత్తి, మూటలమ్మ చూసినట్టే సూర్యుడి కేసి పట్టుకుని చూశాడు. గుడ్డ నూలుపోగుల సందుల్లోంచి సన్నటి వెలుతురు వాడి ముఖం మీద పడింది. కింద తుర్రి, మిగిలిన ఇద్దరితో కలిసి, ఒక ఎండురొట్టె ముక్కను బండకేసి తట్టి దాని చప్పుడుకు కిలకిలా నవ్వుతోంది. ఆ ఏడు గుంటయ్య ఇంట్లో పిల్లలు ముగ్గురూ దక్కారు. వాళ్లను దక్కించింది తన తెలివి కాదని మాత్రం గుట్టంతటికీ తెలుసు, అందరికన్నా వాడికి బాగా తెలుసు.

గాలి తగలని రొట్టెకూ, మంచిమాట తగలని మనసుకూ బూజు పట్టక తప్పదు.